పెట్రోలు తాగే షెడ్డు

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి మోరీ కాలువ పక్కగా ఒక సందు ఉండేది. పగలు అందులో పాలవాళ్ల సైకిళ్లు పోయేవి, లైబ్రరీకి పోయే పోరగాళ్లు చంకలో పుస్తకాలు పెట్టుకుని పోయేవాళ్లు. రాత్రి తొమ్మిది దాటిందంటే మాత్రం ఎవరూ అటు అడుగు పెట్టేవాళ్లు కాదు. దూరమైనా సరే, మెయిన్ రోడ్డు చుట్టి పోయేవాళ్లు.

ఆ సందు మధ్యలో ఒక రేకుల షెడ్డు ఉండేది.

ఆ షెడ్డు రాత్రిపూట పెట్రోలు తాగుతుందని చెప్పుకునేవాళ్లు.

మాటవరసకు కాదు. గుటక వేసే చప్పుడు చెవులారా విన్నవాళ్లున్నారు.

నేను గ్రూప్స్‌కు చదువుకుందామని వచ్చి అశోక్‌నగర్‌లో రూము తీసుకున్నది తొంభై ఆరులో. అప్పటికి షెడ్డు లేదు. దాని జాగాలో మూడంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తున్నది. ఆ బిల్డింగుకు వాచ్‌మన్ ఓదెలు. అంతకు ముందు షెడ్డుకూ ఆయనే వాచ్‌మన్. యాభై దాటిన మనిషి, పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చినవాడు. లక్ష్మవ్వ చాయ్ బండి దగ్గర నాకీ సంగతి చెప్పింది ఆయనే. కొంత తర్వాత విద్యావతి గారు చెప్పారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చెప్తాను.

జరిగింది తొంభై నాలుగులో, మే నెలలో.

నారాయణగూడలో ఒక దుకాణం మీది అంతస్తులో చిన్న ఇన్‌స్టిట్యూట్ ఉండేది. విమానాల మరమ్మతు నేర్పేవాళ్లు. నడిపించేది రాఘవేందర్ గారు. పాఠాలు అక్కడ, ప్రాక్టికల్స్ మాత్రం ఈ షెడ్డులో. ఎందుకంటే ఇంజను ఇక్కడుంది. ఇద్దరు కూర్చుని ఎగిరే చిన్న ట్రైనింగ్ విమానం ఇంజను. దాన్ని ఇనుప స్టాండుకు బిగించి, పైన రెండు లీటర్ల పెట్రోలు డబ్బా కట్టారు. డబ్బా నుంచి సన్నని పైపు, పైపుకొక నల్లా, ఆ కింద కార్బురేటర్. కార్బురేటర్ కింద నేల మీద ఇసుక పోసిన ట్రే.

రాఘవేందర్ గారిది ఒక రూలు. సాయంత్రం పోయేముందు డబ్బా నిండా పెట్రోలు పోసి, నల్లా మూసి, షెడ్డుకు తాళం వేయాలి. ఖాళీ డబ్బాలో రాత్రి చెమ్మ పట్టి పెట్రోల్లో నీళ్లు కలుస్తాయని ఆయన చెప్పేవారు.

సాయంత్రం నింపేవాళ్లు. పొద్దున పది గంటలకు వచ్చి మూత తీస్తే...

ఖాళీ.

తాళం వేసింది వేసినట్టే ఉంది. నల్లా మూసింది మూసినట్టే ఉంది. ట్రేలో ఇసుక పొడిగానే ఉంది. రెండు లీటర్ల పెట్రోలు మాత్రం లేదు. షెడ్డంతా వాసన.

ముందు ఓదెలును అనుమానించారు.

"నాకు బండి లేదు, మోటరు లేదు. పెట్రోలు తీస్కపోయి నేనేం జేసుకోవాలె, అన్నంల పోసుకోవాల్నా?" అని ఆయన తాళంచెవి తీసి రాఘవేందర్ గారి చేతిలో పెట్టాడు. తాళంచెవి ఆయన దగ్గర లేకున్నా పొద్దునకు డబ్బా ఖాళీయే.

అప్పుడు ఓదెలు అసలు సంగతి బయటపెట్టాడు. రాత్రి ఒంటిగంట ఇటో అటో, షెడ్డు లోపల గుటక్... గుటక్... అని వినిపిస్తుందట. ఎవరో దాహంతో ఉన్న మనిషి గడగడా తాగి, కాసేపు ఆగి, మళ్లీ తాగినట్టు.

అంతే. ఎవరు తాగుతున్నారో ఇక ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరికీ తెలుసు.

ఎందుకంటే ఆ ఇంజను ఒక మనిషి ప్రాణం తీసింది.

తొంభైలో, ఒక ఫ్లయింగ్ క్లబ్బులో, పొద్దున్నే విమానం స్టార్ట్ చేస్తుంటే ఇంజను కింద నుంచి మంట లేచింది. రాత్రంతా కార్బురేటర్ నుంచి కారిన పెట్రోలు ఇంజను మూత అడుగున నిలిచి ఉంది. స్టార్ట్ చేయగానే అంటుకుంది. లోపల ఉన్న ట్రైనింగ్ కుర్రవాడు దూకి బయటపడ్డాడు. మంట ఆర్పడానికి ఉరికిన మెకానిక్ గోవర్ధన్ మీదికి మాత్రం మంట ఎగిసింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు.

ఎంక్వైరీ వేశారు. ముందురోజు సాయంత్రం కార్బురేటర్ చూసి, లీకు లేదని సంతకం పెట్టింది గోవర్ధనే. కాబట్టి చూడకుండానే సంతకం పెట్టాడని రాసి ఫైలు మూసేశారు. అప్పుడు క్లబ్బులో హెడ్ మెకానిక్‌గా ఉన్న రాఘవేందర్ గారు ఆ ఏడే ఉద్యోగం మానేసి, మంటల్లో మిగిలిన ఇంజనును తుక్కు కింద కొనుక్కుని ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

"ఇంజనుతోని గోవర్ధన్ గూడ వచ్చిండు. కాలిన మనిషికి దూప తీరుతదా? అందుకే తాగుతుండు," అనేవాళ్లు పిల్లలు.

ఈ మాట ఒక్క మనిషి ముందు మాత్రం ఎవరూ అనేవాళ్లు కాదు. ఇన్‌స్టిట్యూట్‌లో టైపిస్టు విద్యావతి. గోవర్ధన్ భార్య.

ఆమెకప్పుడు ముప్పై ఆరేళ్లు. రామ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని కూతురు రచనతో ఉండేది. గోవర్ధన్ పోయిన నెలకే రాఘవేందర్ గారు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. నాలుగేళ్లుగా ఇంజన్ల పాఠాలు స్టెన్సిళ్ల మీద టైపు చేసీ చేసీ ఆమెకు అవన్నీ నోటికొచ్చేశాయి. స్పానర్ పట్టుకున్నది లేదు గానీ, ఏ భాగం ఎందుకు చెడుతుందో నిద్రలో అడిగినా చెప్పేది.

షెడ్డుకు మాత్రం ఒక్కసారి కూడా పోలేదు.

మే నెలలో ఒక శనివారం ఆమె ఫైళ్లు పట్టుకుని మెట్లు దిగుతుంటే కింద ఇద్దరు పిల్లలు మాట్లాడుకుంటున్నారు.

"సోమవారం పది గంటలకు ముషీరాబాద్ తుక్కుదుకాణపోళ్లు వచ్చి ఇంజను కొంటవోతరంట."

"ఇగ గోవర్ధన్ సార్ ఆళ్ల పెట్రోలు తాగుతడు!"

నవ్వారు. తలెత్తి ఆమెను చూసి, నవ్వు సగంలో ఆపేశారు.

ఆమె వెనక్కి తిరిగి పైకెక్కింది.

"ఇంజను అమ్ముతున్నరా సార్?"

రాఘవేందర్ గారు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "అవునమ్మా. పిల్లలు షెడ్డుకు రామంటున్నరు. ఓదెలు గూడ పని బంద్ జేస్తనంటుండు. ఎందుకొచ్చిన లొల్లి."

"లీకు ఉన్నదేమో... చూసిన్రా?"

"చూసినం. పట్టపగలు నల్లా ఇప్పి అర్ధగంట నిలబడి చూసినం. ఒక్క చుక్క లేదు."

విద్యావతి అక్కడే నిలబడిపోయింది.

నాలుగేళ్ల కింద, ఆస్పత్రి మంచం మీద, మొహమంతా కట్లు కట్టిన మనిషి... పెదవులు కదలకుండా అన్న మాట అదే. "విద్యా... నేను చూసిన. అర్ధగంట చూసిన. ఒక్క చుక్క లేదు."

ఆమె తప్ప ఆ మాటను ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే, ఒక్కోసారి ఆమె కూడా నమ్మలేదు.

ఆదివారం రాత్రి రచనను పక్క గల్లీలో ఉండే అక్క రాజకుమారి ఇంట్లో పడుకోబెట్టి, ఆఫీసు బీరువాలోంచి ముందే తీసిపెట్టుకున్న రెండో తాళంచెవి కొంగున ముడివేసుకుని, విద్యావతి బయల్దేరింది. చేతిలో టార్చిలైటు, స్టీలు టిఫిన్ గిన్నె. ఒంటిమీద నూలు చీర. పెట్రోలు ఉన్న దగ్గరికి నైలాన్ చీరతో రావొద్దని గోవర్ధన్ ఎప్పుడో చెప్పాడు.

ఓదెలు నెలనెలా జీతానికి ఇన్‌స్టిట్యూట్‌కు పోయేవాడు కాబట్టి ఆమెను ఎరుగు. గేటు దగ్గర ఆమెను చూసి మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఈ యాళ్ల? ఇంటికి పోండ్రి."

"లోపల కూసుంట, ఓదెలన్న. తెల్లారేదాకా."

"ఒద్దమ్మా! మీకెట్ల జెప్పాలె... లోపట మీ..." మాట మింగేశాడు.

"మా ఆయన ఉన్నడంటున్నరు గదా," అంది ఆమె మెల్లగా. "ఉంటే నాకేం భయం? నేనొక మాట అడిగేదున్నది."

ఓదెలు పక్కకు జరిగాడు. "నేనైతే గేటు దాటి లోపటికి రానమ్మా. ఈడ్నే ఉంట. ఏదన్న అయితే పిలువుండ్రి," అన్నాడు.

ఆమె టార్చి బయటే వెలిగించింది. స్విచ్చి నొక్కితే లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, పెట్రోలు ఆవిరిలో నొక్కకూడదు. ఇది కూడా ఆయన మాటే. తలుపు కిర్రుమంది. లోపల పగటి వేడి ఇంకా వదల్లేదు.

ఇంజను నల్లగా, పొట్టిగా, స్టాండు మీద కూర్చుని ఉంది.

ఆమె దాన్ని చూడటం అదే మొదటిసారి. ఒక పక్క ఇంకా మసి. చేత్తో తాకబోయి... తాకలేదు.

డబ్బా మూత తీసి చూసింది. ఆదివారమైనా రూలు తప్పకుండా రాఘవేందర్ గారు నింపి పోయారు. నిండా ఉంది. నల్లా పట్టి చూసింది. మూసి ఉంది. కార్బురేటర్ అడుగున వేలు పెట్టి రాసింది. పొడిగా ఉంది. టైము తొమ్మిదీ ముప్పావు. గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

పది. పొడి.

పదకొండు. పొడి.

పదకొండున్నరకు దూరంగా క్రాస్ రోడ్స్ దిక్కు ఆటోల చప్పుడు కూడా పలచబడింది. పన్నెండుకు కరెంటు పోయింది. సందు చివరి వీధిదీపం గుడ్డిదైంది. రేకులు చల్లబడుతూ ఉండుండి టప్... మంటున్నాయి. ఒక్కో టప్పుకు ఆమె తలుపు వైపు చూస్తోంది. టార్చి ఆర్పడానికి లేదు కాబట్టి, వెలుగు ఇంజను అవతలి గోడ వైపు తిప్పి కింద పెట్టింది. ఇంజను నీడ గోడ మీద రెండింతలై పైకప్పు దాకా పాకింది.

పన్నెండున్నర...

ఎక్కడో నెత్తి మీద... గుటక్.

ఆమె తల పైకెత్తింది.

చప్పుడు లేదు. చాలాసేపు లేదు. తన చెవుల్లో తన రక్తమే వినిపిస్తోంది. అంతలో మళ్లీ —

గుటక్... గుటక్...

ఓదెలు అబద్ధం చెప్పలేదు. అచ్చం మనిషి తాగినట్టే ఉంది. ఒక గుక్క మింగి, ఊపిరి తీసుకుని, ఇంకో గుక్క.

 ఆమె పెదవులు కదిలించింది.

"ఏమండీ..."

రేకు టప్... మంది.

"మీరేనా?"

గుటక్.

"ఆ రోజు మీరు చూసిన్రా... చూడలేదా? నాకొక్కదానికి చెప్పుండ్రి. ఎవరికీ చెప్పను."

ఆ మాట అనేసరికి కన్నీళ్లు జారాయి. లేచి ఇంజను దగ్గరికి పోయి చీకట్లో చెయ్యి ముందుకు చాపింది. ఆ చేతి మీద...

చల్లగా ఒకటి పడింది.

కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది. చెయ్యి వెనక్కి లాక్కుని టార్చి వెలుగులోకి పట్టింది. చేతి మీద చుక్క. లేత నీలం రంగు.

విమానాల పెట్రోలుకు ఆ రంగే ఉంటుంది.

టార్చి అందుకుని కార్బురేటర్ అడుగుకు పట్టింది. మూడు గంటల కింద పొడిగా ఉన్నచోట ఇప్పుడు నీలం చుక్క ఊరి, లావై, జారి ఇసుకలో పడింది. వెనకాలే ఇంకొకటి. ఇసుక ఎప్పటికప్పుడు పీల్చేస్తోంది. పైన డబ్బాలోంచి పెట్రోలు దిగినకొద్దీ మూత సందులోంచి గాలి లోపలికి దూరుతోంది. దూరినప్పుడల్లా — గుటక్.

అంతే. తాగుతున్నది ఎవరూ కాదు.

దెయ్యం లేదని తెలిసినందుకు ఆమెకు సంతోషం కలగలేదు. ఒంటరిగా అనిపించిందట.

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. గిన్నె కార్బురేటర్ కింద పెట్టింది. పాత నల్లా అరిగిపోయింది, మూసినా సన్నగా వదులుతోంది. అది సరే. కానీ కార్బురేటర్ ఇంతసేపు పట్టి ఉంచి, ఇప్పుడెందుకు వదిలేసింది? తను టైపు చేసిన కాగితాలు ఒక్కొక్కటే మనసులో తిరగేసింది. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బాల్ ఉంటుంది చూడండి. నీళ్లు నిండితే తేలి పైపు మూస్తుంది. కార్బురేటర్ లోపలా అట్లాంటి ఇత్తడి బుడ్డి ఒకటి ఉంటుంది. దాని పేరు ఫ్లోట్. ఆ ఫ్లోట్‌కు సూదిమొన అంత రంధ్రం పడితే... పెట్రోలు మెల్లమెల్లగా లోపలికి చేరుతుంది. ఒక గంటలో కాదు. మూడు గంటలకో, నాలుగు గంటలకో బుడ్డి బరువెక్కి మునుగుతుంది. అప్పుడు దారి తెరుచుకుంటుంది.

అర్ధగంట చూస్తే ఒక్క చుక్క కనబడదు.

మళ్లీ తెల్లారి ఎండెక్కితే రేకుల వేడికి బుడ్డిలోని పెట్రోలు ఆవిరైపోతుంది. ఇసుకా ఆరుతుంది. పది గంటలకు వచ్చినవాళ్లకు అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

ఆమె వేళ్ల మీద లెక్క చూసుకుంది. తొమ్మిదిన్నరకల్లా రేకులు కాగుతాయి. పది గంటలకు తుక్కువాళ్లు వస్తారు.

అప్పుడే తెరిచి ఉన్న తలుపులోంచి పసుప్పచ్చని వెలుగు పడింది.

ఆమె తల తిప్పింది. గేటు దగ్గర... వెలుగు కదులుతోంది. ఊగుతూ... దగ్గరికొస్తోంది.

కందిలి! కిరసనాయిలు దీపం!

గుటకలు విని ఓదెలు పిలిచాడట, రెండుసార్లు. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. దెయ్యం ఆమెను ఏమో చేసిందనుకున్నాడు. వెనక్కి ఉరకబోయి, మనసొప్పక, కందిలి ముట్టించుకుని దేవుడి పేరు తలుచుకుంటూ వస్తున్నాడు. షెడ్డు నిండా పెట్రోలు ఆవిరి. నేల మీద ఇసుక నిండా పెట్రోలు. తలుపు బార్లా తీసి ఉంది.

పది అడుగులు. తొమ్మిది...

"ఓదెలన్నా, ఆగు!"

గొంతు పెగల్లేదు. కీచుమని గాలి వచ్చింది, అంతే. ఆ కీచు విని ఓదెలు ఇంకా బెదిరిపోయాడు. కందిలి చేతిలో గజగజ ఊగింది. అది జారి పడినా అంతే...

విద్యావతి తలుపులోంచి బయటికి దూకింది.

ఓదెలుకు కనిపించింది ఇది — చీకటి షెడ్డులోంచి జుట్టు విరబోసుకుని, తెల్లచీరలో, పెట్రోలు కంపు కొడుతూ ఒక ఆడమనిషి మీదికి ఉరికి వస్తోంది.  కందిలిని ఆ ఆకారం మీదికి విసరడానికి చెయ్యి పైకెత్తాడు.

"ఓదెలన్న... నేను. విద్యావతిని." ఊదినంత మెల్లగా అంది. "చెయ్యి దించు. మెల్లగ... దాన్ని నాకియ్యి."

అతను దించాడు. ఆమె కందిలి అందుకుని, వెనక్కి తిరిగి చూడకుండా సందు మలుపు దాకా నడిచి, అక్కడ వత్తి తగ్గించి ఊదేసింది.

 చీకట్లో ఓదెలు నేల మీద కూలబడి ఏడ్చాడట. "అప్పుడు నేను ఇసిరితే ఏమయ్యేదో బిడ్డా," అని నాకు చెప్పాడు.

నాలుగున్నరకు ఓదెలు సైకిలు మీద పోయి రాఘవేందర్ గారిని లేపుకొచ్చాడు. ఆయన స్కూటరు సందు బయటే ఆపి నడిచొచ్చారు. గిన్నెలో సగానికి నిండిన నీలం పెట్రోలు చూశారు. మొహంలో రంగు పోయింది.

"సార్, కార్బురేటర్ ఇప్పుండ్రి," అంది విద్యావతి.

"ఇప్పుడెందుకమ్మా. పది గంటలకు ఎట్లాగూ కొంటవోతరు గదా..."

"ఎండ రాకముందే ఇప్పాలె. లోపట ఫ్లోట్‌ల పెట్రోలు ఉన్నదో లేదో చూడాలె."

"నా మాట విను. పోయిన మనిషి ఎట్లాగూ తిరిగి రాడు..."

"మీరు ఇప్పుతరా, నేను ఇప్పాల్నా?"

ఆయన ఆమె కళ్లలోకి చూడలేకపోయారు. నల్లా పైన పైపును గట్టిగా కట్టేసి, స్పానర్ తీసుకున్నారు. ముప్పై ఏళ్ల పనిమంతుడి చేతులు, నట్టు మీద రెండుసార్లు జారాయి. కార్బురేటర్ ఊడదీసి బయట గుడ్డ మీద పెట్టి, రెండు ముక్కలుగా విప్పి, లోపలున్న ఇత్తడి బుడ్డిని బయటికి తీశారు. విద్యావతి దాన్ని అందుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

లోపల తొళక్‌మంది.

ఆ చప్పుడు ఓదెలుకూ వినబడింది.

లక్ష్మవ్వ అప్పుడే చాయ్ బండి తెరుస్తోంది. పొయ్యికి దూరంగా ఒక గిన్నెలో చెయ్యి పట్టేంత వేడి నీళ్లు తెప్పించుకుని, విద్యావతి ఆ బుడ్డిని అందులో ముంచింది. ముగ్గురూ వంగి చూశారు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బుడ్డి పక్క నుంచి... సన్నగా... బుడగ. ఇంకొకటి. దారంలా వరసగా బుడగలు.

బుడగలు వస్తున్నచోట ఇత్తడి మీద పెసరగింజంత టంకం మచ్చ ఉంది. ఎప్పుడో పడ్డ రంధ్రానికి ఎవరో అతుకు వేశారు. దాని అంచున కంటికి కనబడనంత పగులు.

విద్యావతి చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది. "దీనికి అతుకు వెయ్యొద్దు గదా సార్. కొత్తది మార్చాలె అని మీ నోట్సులనే ఉన్నది. నేనే టైపు చేసిన. మరి ఇది ఎవరు..."

రాఘవేందర్ గారు సందు గోడకు వీపు ఆనించి మెల్లగా కూర్చున్నారు.

"నేనే," అన్నారు.



"కొత్తది రావడానికి నెల పడుతదన్నరు. పొద్దున విమానం ఎగరాలన్నరు. నేనే టంకం పెట్టి బిగించిన. గోవర్ధన్‌కు చెప్పలే. లీకు చూడమన్న, అంతే. వాడు అర్ధగంట చూసిండు, నేను అక్కడ్నే ఉన్న. చూసే సంతకం పెట్టిండు." ఆయన నేల వైపు చూస్తున్నారు. "ఎంక్వైరీల నన్ను అడిగిన్రు. నేను... తెల్వదన్న."

"అందుకేనా ఇంజను కొన్నది?"

"ఇంకొకరు ఇప్పి చూస్తరని భయపడి. నేనూ ఇప్పలేదమ్మా, నాలుగేండ్లు. టంకం బాగున్నదనే అనుకున్న... అనుకోవాలనుకున్న. రాత్రిపూట తాగుతుండని పిల్లలు చెప్తుంటే, అది నిజమనే అనుకున్న. నా కోసమే వచ్చిండనుకున్న."

విద్యావతి ఆయన్ని తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని అంది:

"రాసియ్యుండ్రి సార్. ఇక్కడ్నే. ఇప్పుడే."

రాసిచ్చారు. మూడు పేజీలు. లక్ష్మవ్వ బండి మీద కాగితం పెట్టుకుని, తన చేతులతో. కింద ఓదెలు సాక్షిగా వేలిముద్ర వేశాడు. పది గంటలకు తుక్కువాళ్ల ట్రాలీ వస్తే, ఇంజను ఇచ్చేది లేదని చెప్పి వెనక్కి పంపారు. ఆ కాగితాలతో పాటు ఫ్లోట్‌ను గుడ్డలో చుట్టి ఆమె ఎంక్వైరీ వేసిన పెద్ద ఆఫీసు దాకా తీసుకుపోయింది. తిప్పించారు, మళ్లీ రమ్మన్నారు. ఆమె మళ్లీ పోయింది. పది నెలలకు ఉత్తరం వచ్చింది, గోవర్ధన్ మీద రాసిన మాట కొట్టేశామని. రాఘవేందర్ గారి లైసెన్సు పోయింది. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. విద్యావతికి కాచిగూడలో ఇంకో చోట టైపు పని దొరికింది. ఆమెను నేను కలిసింది అక్కడే. మాట్లాడిందంతా నిదానంగా, ఏదీ దాచుకోకుండా మాట్లాడింది.

ఇదీ సంగతి. షెడ్డులో దెయ్యం లేదు. నల్లా మార్చాక, ఫ్లోట్ తీశాక, మళ్లీ ఏ రాత్రీ గుటక వినపడలేదని ఓదెలు కూడా ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని ఊరుకుంటే బాగుండేది.

గ్లాసు బండి మీద పెట్టి, అటూ ఇటూ చూసి, నా దగ్గరికి జరిగాడు.

"ఒక్క ముచ్చట ఆమెకు గూడ చెప్పలే. నీకు చెప్తున్న. ఆ పొద్దు కాయితాలు రాసుడు అయినంక, సారు పోయినంక, విద్యమ్మ నన్ను గేటుకాడ ఉండుమని తను లోపటికి పోయింది. ఒక్కతే. తలుపు దగ్గరికేసుకున్నది. తెల్లగ తెల్లారింది, సూర్యుడు గూడ వచ్చిండు. లోపట్నుంచి మాటలు వినవడుతున్నయ్. మెల్లగ ఏదో చెప్తున్నది. చెప్పి, ఆగుతున్నది. మల్ల చెప్తున్నది. సరే, పెనిమిటితోని చెప్పుకుంటున్నది, చెప్పుకోనీ అనుకున్న."

"మరి?"

"జెరసేపయినంక నవ్వింది. నాలుగేండ్ల సంది ఆమె నవ్వు నేను ఇన్లే..."

ఓదెలు గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఆ షెడ్డుకు ఒక్కటే తలుపు. ఆ తలుపు ముంగట నేనున్న. లోపటికి పోయింది ఆమె ఒక్కతే. కానీ నేను ఇన్న నవ్వు... ఒక్కలది కాదు."